దింపు డబ్బా, తోట అమ్మిన డబ్బా?

సామర్లకోట దగ్గర 2,400 మెగావాట్ల గ్యాస్ విద్యుత్ కేంద్రం కట్టారు. కరెంటు అమ్మే దశకు అది రానే లేదు. కారణం ఒక్కటే, గ్యాస్ లేదు. చివరికి అందులోని కొన్ని యంత్రాలను బంగ్లాదేశ్‌లో కట్టే మరో ప్లాంటుకు తరలించారు. రాజమండ్రి పక్కన వేమగిరి, జేగురుపాడు ప్లాంట్లు కూడా 2013 తర్వాత చాలాకాలం గ్యాస్ కోసం ఎదురుచూస్తూనే గడిపాయి. విచిత్రమేమిటంటే దేశంలోనే పేరుమోసిన గ్యాస్ నిక్షేపాలు వీటికి కూతవేటు దూరంలో, గోదావరి సముద్రంలో కలిసే చోట ఉన్నాయి.

ఆ నిక్షేపాల కథ అంకెల్లో చెప్పుకుంటే చాలా పొట్టిది. 2002లో కృష్ణా గోదావరి లోతు సముద్రంలో, కేజీ-డీ6 బ్లాకులో రిలయన్స్ కంపెనీకి గ్యాస్ పడిందన్నారు. 2004లో వేసిన ప్రణాళిక ప్రకారం రోజుకు 4 కోట్ల ఘనపు మీటర్లు తీయాలి. రెండేళ్ళు తిరిగేసరికి ఆ అంకె 8 కోట్లయింది, పెట్టుబడి అంచనా సుమారు 240 కోట్ల డాలర్ల నుంచి 880 కోట్ల డాలర్లకు పోయింది. 2009 ఏప్రిల్‌లో గ్యాస్ గాడిమొగ ఒడ్డుకు చేరింది, అక్కడినుంచి కాకినాడ - భరూచ్ గొట్టంలో పడి గుజరాత్ దాకా వెళ్ళింది. 2010లో రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్లు దాటింది. అదే శిఖరం. ఆ తర్వాత అంతా దిగుడే. తీయగలిగిన నిల్వ 10 లక్షల కోట్ల ఘనపుటడుగులకు పైగా ఉందన్న అంచనాను తర్వాత 3 లక్షల కోట్ల చిల్లరకు కుదించారు. 2020 ఫిబ్రవరిలో, మొదట గ్యాస్ ఇచ్చిన డీ1, డీ3 క్షేత్రాల బావులు ఆగిపోయాయి. పక్క క్షేత్రాల్లో 2020 డిసెంబరు నుంచి కొత్త బావులు మొదలై మళ్ళీ రోజుకు 3 కోట్ల ఘనపు మీటర్ల దాకా తెచ్చాయి గానీ, మొదటి గ్యాస్‌ను నమ్ముకుని కట్టిన ప్లాంట్లకు ఆ మధ్యలో పోయిన పదేళ్ళు తిరిగి రాలేదు.

అదే తీరంలో గుజరాత్ ప్రభుత్వ సంస్థ ఒకటి 2005లో 20 లక్షల కోట్ల ఘనపుటడుగుల గ్యాస్ దొరికిందని ప్రకటించింది. అనుమతి పొందిన ప్రణాళికలో లెక్క తేలేసరికి అది పదోవంతుకు దిగింది. 2017లో ఆ బ్లాకులో 80 శాతం వాటాను కేంద్ర ప్రభుత్వ చమురు సంస్థ ఓఎన్‌జీసీ కొనుక్కుంది.

నేల కింద ఎంత ఉందో పైనున్నవాళ్ళకు తెలియకపోవడం సహజమే. భూగర్భ శాస్త్రంలో అంచనా తప్పడం నేరం కాదు. ఇక్కడ చూడాల్సింది ఆ అంచనాను పట్టుకుని మిగతావాళ్ళు ఏం చేశారన్నది. బ్యాంకులు అప్పులిచ్చాయి, ప్లాంట్లు లేచాయి, ప్రభుత్వాలు కరెంటు కొనుగోలు ఒప్పందాలు రాసుకున్నాయి. ఎప్పటికైనా అయిపోయే సరుకును ఎప్పటికీ ఉండే సరుకుగా లెక్కేసుకున్నారు.

తరిగిపోయే వనరుల ఆర్థికశాస్త్రమంతా ఈ ఒక్క తేడా చుట్టూనే తిరుగుతుంది. కోనసీమ రైతుకు ఇది చెప్పనక్కర్లేదు. నెలన్నరకోసారి కొబ్బరి దింపు తీసి కాయలమ్మితే వచ్చేది ఆదాయం. తోటే అమ్మేస్తే వచ్చేది ఆదాయం కాదు, ఆస్తి రూపం మారింది, అంతే. తోటమ్మిన డబ్బుతో పెళ్ళి ఘనంగా చేసి, మిగిలింది రోజువారీ ఖర్చులకు వాడుకున్నవాణ్ణి చూసి ఊళ్ళో ఎవరూ వాడి ఆదాయం పెరిగిందనరు. కానీ ప్రభుత్వ బడ్జెట్ సరిగ్గా అదే అంటుంది. గ్యాస్ మీద రాయల్టీ, ఇసుకకు ధర ఉన్నప్పుడు దాని మీద సీనరేజీ (తవ్వుకున్నందుకు కట్టే రుసుము) రెవెన్యూ రాబడి ఖాతాలోనే పడతాయి, అమ్మకపు పన్ను పక్కనే కూర్చుంటాయి. స్థూల ఉత్పత్తి లెక్కల్లోనూ అంతే: బావిలోంచి గ్యాస్ బయటికొస్తే ఉత్పత్తి పెరిగినట్టు రాస్తారు, బావి ఖాళీ అయినట్టు ఎక్కడా రాయరు.

ఎప్పుడు తీయాలి, ఎంత తీయాలి

ఈ ప్రశ్నకు మొదటి గట్టి జవాబు 1931లో వచ్చింది. హెరాల్డ్ హోటెలింగ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త ఒక వ్యాసం రాశాడు. అందులో గణితం బరువైనదే గానీ ఆలోచన తేలిక. గ్యాస్ బావి సొంతదారుకు రెండు దారులున్నాయి. ఇవాళే తీసి అమ్మి డబ్బు బ్యాంకులో వేసుకోవచ్చు, లేదా గ్యాస్‌ను భూమిలోనే ఉంచి వచ్చే ఏడు అమ్ముకోవచ్చు. బ్యాంకు 7 శాతం వడ్డీ ఇస్తుంటే, తవ్వకం ఖర్చు పోగా గ్యాస్ మీద మిగిలేది కూడా ఏటా 7 శాతం పెరుగుతుందనుకుంటేనే ఆగుతాడు. అంతకన్నా తక్కువ పెరిగేట్టుంటే ఇవాళే తోడేస్తాడు, ఎక్కువ పెరిగేట్టుంటే బావికి మూత పెడతాడు. అందరూ ఇలాగే లెక్క చూసుకుంటే సరుకు తగ్గేకొద్దీ ధర మెల్లగా పెరుగుతుంది, వాడకం దానంతటదే తగ్గుతుంది, సరిగ్గా బావి ఎండే సమయానికి ప్రత్యామ్నాయం గిట్టుబాటు అవుతుంది.

వినడానికి బాగుంటుంది. ఇది నిజంగా జరగాలంటే మూడు విషయాలు కావాలి: ఎంత నిల్వ ఉందో తెలియాలి, ధర స్వేచ్ఛగా కదలాలి, బావి రేపు కూడా తనదేనన్న భరోసా ఉండాలి. కేజీ-డీ6లో మొదటిది లేదని చూశాం. రెండోదీ లేదు. గ్యాస్ ధర ఢిల్లీలో నిర్ణయమయ్యేది. 2009 నుంచి ఐదేళ్ళపాటు పది లక్షల బీటీయూకి (గ్యాస్ ఇచ్చే వేడిని కొలిచే ప్రమాణం) 4.2 డాలర్లు. 2013 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం రంగరాజన్ కమిటీ సూత్రాన్ని ఆమోదించింది, 2014 ఏప్రిల్ నుంచి ధర ఇంచుమించు రెట్టింపవుతుందని, 8 డాలర్లు దాటుతుందని అందరూ అనుకున్నారు.

హోటెలింగ్ లెక్కలో ఇది పెట్టి చూడండి. ఏడాదిలో రెట్టింపయ్యే సరుకును ఇవాళ ఎవరు అమ్ముతారు? సరిగ్గా ఆ రోజుల్లోనే ఉత్పత్తి పడిపోతోంది. కంపెనీ కావాలనే గ్యాస్‌ను కింద దాచి ఉంచుతోందన్న ఆరోపణలు వచ్చాయి, వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. కంపెనీ వాటిని కొట్టిపారేసింది, బావుల్లో ఒత్తిడి తగ్గిందని, నీళ్ళు, ఇసుక చొరబడుతున్నాయని చెప్పింది. ఎవరిది నిజమన్నది అలా ఉంచితే, గమనించాల్సిన సంగతి ఇంకోటుంది. ధర కోసం ఆగిన బావీ, నిజంగా ఎండిపోతున్న బావీ బయటినుంచి చూస్తే ఒకేలా కనిపిస్తాయి. ప్రజల ఆస్తిని ఇంకొకరి చేత తవ్విస్తున్నప్పుడు ఇంతకు మించిన చిక్కు లేదు. చివరికి ఆ 8 డాలర్ల ధర రానే లేదు. 2014 నవంబరులో వేరే సూత్రంతో అంతకన్నా తక్కువ ధర వచ్చింది.

ఒప్పందం రాసిన తీరు కూడా తక్కువది కాదు. పెట్టిన ఖర్చు ముందు కంపెనీ వెనక్కి తీసుకుంటుంది, ఆ తర్వాత లాభంలో వాటాలు. ఖర్చుకు ఎన్ని రెట్లు రాబడి వచ్చిందన్నదాన్నిబట్టి ప్రభుత్వ వాటా పెరుగుతుంది. అంటే ఖర్చు ఎంత పెరిగితే ప్రభుత్వ వాటా పెరిగే రోజు అంత వెనక్కి జరుగుతుంది. ఖర్చు తగ్గించుకోవాలన్న ఆదుర్దా కంపెనీకి ఉండదని 2011లో ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ తప్పుపట్టింది ఇందుకే.

మూడో షరతు, భరోసా సంగతి. గ్యాస్‌కు పొలం గట్లు తెలియవు. కేజీ-డీ6 పక్కనే ఓఎన్‌జీసీ బ్లాకులున్నాయి. తమ గ్యాస్ పక్క బావుల్లోకి పారిపోయిందని ఓఎన్‌జీసీ కోర్టుకెక్కింది. 2015లో ఒక అమెరికన్ సలహా సంస్థ లెక్కగట్టి సుమారు 1,100 కోట్ల ఘనపు మీటర్లు అలా కదిలిందని చెప్పింది. 2016లో జస్టిస్ ఏపీ షా కమిటీ నివేదిక వచ్చాక కేంద్రం 155 కోట్ల డాలర్లు కట్టమంది. 2018లో మధ్యవర్తుల తీర్పు కంపెనీ వైపు వచ్చింది, 2025 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచి దాన్ని కొట్టేసింది. లాయర్ల ఫీజులు పక్కన పెడితే ఇందులో ఆర్థికశాస్త్రం ఒక్క మాటలో తేలిపోతుంది: పక్కవాడు తోడుకుపోతాడన్న భయముంటే దాచుకోవడం తెలివితక్కువ పని అవుతుంది. ముందు తోడినవాడిదే.

ఇది ఓఎన్‌జీసీ, రిలయన్స్‌ల మధ్య తగాదాగా పేపర్లో చదివి పక్కన పడేస్తాం. మలికిపురం, అల్లవరం వైపు ఏ రైతునడిగినా తన ఫిల్టర్ పాయింట్ (పొలంలో వేసుకునే గొట్టపు బావి) గురించి ఇదే చెబుతాడు.

ఉప్పు మీద తేలే మంచినీళ్ళు

డెల్టా అంచున భూమిలో మంచినీళ్ళు ఉప్పునీళ్ళ మీద తేలుతూ ఉంటాయి. ఉప్పునీరు కొంచెం బరువు కాబట్టి కిందుంటుంది. ఈ అమరికకు ఒక పాత లెక్క ఉంది: సముద్ర మట్టం మీద ఒక అడుగు మంచినీరు నిలిస్తే, మట్టం కింద దాదాపు నలభై అడుగుల దాకా మంచినీరే దొరుకుతుంది. వినగానే ధైర్యంగా ఉంటుంది గానీ, దీన్నే తిరగేస్తే గుండె జారుతుంది. మోటారు పెట్టి తోడి పైన ఒక్క అడుగు తగ్గిస్తే కింద ఉప్పు నలభై అడుగులు పైకి రావచ్చు. ఒక్కరోజులో రాదు. అందుకే ఎవరికీ భయం వేయదు. వచ్చాక మాత్రం దాన్ని వెనక్కి నెట్టడానికి ఎన్నో వానాకాలాలు పడుతుంది, ఒక్కోసారి వెనక్కి పోనే పోదు.

ఈ మంచినీటిని నిలబెడుతున్నవి వానలూ, గోదావరి కాలువలూ. 1852లో కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక పారిన కాలువలు పొలాలను తడపడంతో పాటు నేలలోకి ఇంకి ఉప్పును కిందికి తొక్కిపట్టాయి. వేసవిలో కాలువలు కట్టేసే ముందు ఊరి మంచినీళ్ళ చెరువులు నింపుకోవడం ఇప్పటికీ హడావుడి పనే. కాలువ నీరు ఉన్నంతకాలం ఈ భూగర్భ నీరు దింపు లాంటిది, ఏటా తిరిగొస్తుంది. వచ్చేదానికన్నా ఎక్కువ తోడిన రోజు నుంచి తోటలో చెట్లు కొట్టడం మొదలవుతుంది. ఆ హద్దు ఎక్కడుందో ఏ ఒక్క రైతుకూ కనిపించదు. 2004 నుంచి పొలం మోటారుకు కరెంటు ఉచితం కాబట్టి ఆపాలన్న తొందరా ఉండదు.

దీనికి తోడు రొయ్యల చెరువులు. 2009లో వనామీ రొయ్య రావడంతో భీమవరం చుట్టుపక్కల, కోనసీమ తీరంలో వరిచేలు ఒక్కొక్కటే చెరువులయ్యాయి. భూమి సొంతదారు వైపునుంచి చూస్తే తప్పు పట్టడానికేమీ లేదు. వరి కౌలు బస్తాల్లో వస్తుంది, అదీ గాలివానలూ ముంపులూ దాటితే. చెరువు కౌలు నోట్లలో, అదీ ముందే. అయితే ఆ కౌలులో రెండు రకాల డబ్బు కలిసి ఉంటుంది. కొంత నిజంగా ఆ ఏటి రాబడి. కొంత, ఉప్పెక్కి చౌడుబారే మట్టికి వాయిదాల మీద వస్తున్న ధర. కౌలు కాగితం మీద రెండూ ఒకే అంకె. చెరువు మానేసిన రోజున మళ్ళీ వరి పండాలంటే మంచినీళ్ళు పెట్టి పెట్టి ఉప్పు కడగాలి, గట్లు చదును చేయాలి, అప్పటిదాకా పంట మీద ఆశ వదులుకోవాలి. ఆ ఖర్చు ఎవరూ ముందు తీసి పక్కన పెట్టరు.

పక్క చేను వాడిది ఇంకా అన్యాయం. వాడికి కౌలూ లేదు, ఉప్పు మాత్రం గట్టు దాటి వస్తుంది. కొబ్బరి ఆకు పసుపెక్కుతుంది, నారుమడి ఎర్రబడుతుంది. రెండేళ్ళు చూసి, మూడో ఏడు వాడూ చెరువుకే ఇస్తాడు. అతను ఆశపడి ఇచ్చాడని ఊళ్ళో అనుకుంటారు. నిజానికి అతని ముందు ఉన్న దారుల్లో మిగిలింది అదొక్కటే. 1996లో సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల సాగు మీద గట్టి తీర్పే ఇచ్చింది, 2005లో ప్రత్యేక చట్టమూ వచ్చింది. గట్టు దాటిన ఉప్పుకు పక్క రైతుకు ఎంత కట్టాలన్నది మాత్రం నేటికీ పెద్దమనుషుల పంచాయితీలోనే తేలుతోంది, లేదా తేలడం లేదు.

తొందరకు ఇంకో కారణం వడ్డీ. హోటెలింగ్ లెక్కలో బ్యాంకు వడ్డీ వేశాం. గోదావరి జిల్లాల్లో చెరువు కౌలుదారు చాలాసార్లు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తాడు, అంటే ఏడాదికి 24 శాతం. పదేళ్ళ తర్వాత చేతికొచ్చే వంద రూపాయలు 7 శాతం వడ్డీ లెక్కన ఇవాళ్టి 51 రూపాయలకు సమానం. 24 శాతం లెక్కన 12 రూపాయలు కూడా కావు. పదేళ్ళ తర్వాత ఈ మట్టి ఏమవుతుందని ఆయనను అడగడం అంటే, నీ దృష్టిలో 12 రూపాయలు చేసే దానికోసం ఇవాళ వంద వదులుకో అనడమే. నేల మీద ప్రేమ లేక కాదు, అప్పు అలాంటిది. వనరులు కాపాడాలంటూ పెట్టే సదస్సుల్లో అప్పుల మాట ఎందుకో ఎవరూ ఎత్తరు.

ఇసుక: సున్నా, 375, 475, మళ్ళీ సున్నా

మూడింటిలో అన్నిటికన్నా గజిబిజి వనరు ఇసుక. గ్యాస్ ఒకసారి తీస్తే పోయినట్టే. ఇసుక అలా కాదు, వరదొస్తే మళ్ళీ మేటేస్తుంది.

రాజమండ్రి ఎగువన బోటు ర్యాంపుల దగ్గర పని చూస్తే ఇది అర్థమవుతుంది. పడవను నది మధ్యలో లంగరేసి, పక్కన గెడ పాతుతారు. ఒక మనిషి బకెట్టుతో ఆ గెడ వెంట అడుగుకు మునిగి, ఇసుక నింపుకుని వస్తాడు, పైనున్నవాళ్ళు తాడుతో లాగి పడవలో పోస్తారు. పడవ అంచు నీళ్ళకు తగిలేదాకా ఇలాగే సాగుతుంది. తర్వాత ఒడ్డుకొచ్చి గంపలతో, ఇప్పుడైతే యంత్రంతో ఎత్తి పోస్తారు. ఈ పద్ధతిలో మనిషి ఊపిరే హద్దు. రోజుకు ఎంత తీయాలన్నా ఒక మేరకు మించి తీయలేడు. బ్యారేజీ ఎగువన పేరుకునే ఇసుకను తీయడం నిజానికి అవసరం కూడా. అదే నదిలోకి భారీ పొక్లెయిన్ దిగి, పక్కనే టిప్పర్ల వరుస నిలబడితే లెక్క తలకిందులవుతుంది. నది ఏడాదికి తెచ్చేదాన్ని యంత్రాలు కొన్ని వారాల్లో ఎత్తేయగలవు.

నది తెచ్చేది కూడా తగ్గిపోతోంది. గోదావరి నీళ్ళలో తేలుతూ వచ్చే ఒండ్రు 1970 దశకంలో ఏడాదికి సుమారు 15 కోట్ల టన్నులుండేది. 2000 - 2006 నాటికి 5.7 కోట్ల టన్నులకు పడిపోయిందని డెల్టా తీరం మీద జరిగిన పరిశోధన తేల్చింది. ఎగువన జాయక్‌వాడి, శ్రీరాంసాగర్ లాంటి జలాశయాలు కట్టే కొద్దీ మట్టి అక్కడే ఆగిపోతోంది. అడుగున దొర్లుకుంటూ వచ్చే ముతక ఇసుక ఈ లెక్కలో లేదు, అయితే ఆనకట్టలు ముందు ఆపేది దాన్నే. పోలవరం పూర్తయితే డెల్టాకు ఆఖరి గుమ్మం దగ్గర ఇంకో అడ్డు పడుతుంది. డెల్టా అంటేనే నది తెచ్చిపోసిన మట్టి. పోత ఆగిన చోట సముద్రం తన పని తాను చేసుకుపోతుంది, తీరం వెనక్కి జరుగుతుంది.

ఇక ధర సంగతి. 2016లో రాష్ట్ర ప్రభుత్వం ఇసుక ఉచితమంది. 2019లో ఖనిజాభివృద్ధి సంస్థ ద్వారా టన్ను 375 రూపాయలకు అమ్మారు. 2021లో ఒకే ప్రైవేటు కంపెనీకి అప్పగించి 475 చేశారు. 2024 జులైలో మళ్ళీ ఉచితం, తవ్వకం, లోడింగ్, రవాణా ఖర్చులు పెట్టుకుంటే చాలన్నారు. సున్నా, 375, 475, సున్నా. వీటిలో ఏ ఒక్కటీ ఆ ఏడు వరదలో ఎంత ఇసుక వచ్చిందో చూసి పెట్టింది కాదు. ఎన్నికల ఫలితాలు చూసి పెట్టినవి.

ఉచితమన్నంత మాత్రాన ఇసుకకు ధర లేకుండా పోదు, ధర తీసుకునే చెయ్యి మారుతుంది. ఇల్లు కట్టుకునేవాడు ఇసుకకు ఎంతదాకా ఇవ్వడానికి సిద్ధమో అంతా ఎవరో ఒకరు వసూలు చేస్తారు. ప్రభుత్వం తీసుకోకపోతే లారీ కిరాయిలో, ర్యాంపు దగ్గర సీరియల్ ముందుకు జరిపించే చేతుల్లో, స్టాకు దాచి వానాకాలంలో అమ్మేవాళ్ళ దగ్గర తేలుతుంది. నదికి దగ్గరలో ట్రాక్టరున్నవాడికి నిజంగానే మేలు జరుగుతుంది, అది కాదనలేం. విశాఖపట్నంలో అపార్ట్‌మెంట్ కొనేవాడికి బిల్డరు ఆ తగ్గింపు ఇచ్చాడా అంటే మాత్రం నవ్వొస్తుంది.

ఉచితం వల్ల జరిగే అసలు నష్టం ఇంకోచోట ఉంది. ఇసుకకు ప్రత్యామ్నాయం ఇప్పటికే తయారుగా ఉంది, రాయి పిండి చేసి తీసే రోబో సాండ్. నది ఇసుక ధర పెరిగితే జనం దానివైపు పోతారు, నదికి ఊపిరాడుతుంది. అయిపోయే వనరుకు ఆర్థికశాస్త్రం చూపించే రక్షణ ఇదే: ధర ముందుగా హెచ్చరిస్తుంది. 1980లో జూలియన్ సైమన్ అనే ఆర్థికవేత్త ఈ నమ్మకంతోనే జీవశాస్త్రవేత్త పాల్ ఎర్లిచ్‌తో పందెం కాశాడు, ఐదు లోహాల ధరలు పదేళ్ళలో పెరగవని. 1990లో సైమనే గెలిచాడు. కొత్త గనులు, కొత్త పదార్థాలు వచ్చి ధరలను దించాయి. కానీ ఆ లోహాలకు మార్కెట్లో ధరంటూ ఒకటుంది. ధర సున్నా దగ్గర కట్టేసిన చోట హెచ్చరిక మోగదు, రోబో సాండ్ యూనిట్ పెట్టినవాడు నష్టపోతాడు, లంక భూములు కోతకు గురై నదిలో కలిసిపోతుంటే తెలుస్తుంది ఏదో తేడా వచ్చిందని.

డబ్బు ఎటు పోయింది

సముద్రంలో దొరికే గ్యాస్ ఎవరిది? రాజ్యాంగం 297వ అధికరణ ప్రకారం కేంద్రానిది. నేల మీది బావుల్లో తీసిన గ్యాస్ మీద రాయల్టీ రాష్ట్రానికి పోతుంది, తీరం దాటితే కేంద్రానికి. కేజీ-డీ6 గ్యాస్ గాడిమొగ ఒడ్డున తేలినా దాని రాయల్టీ ఆంధ్రప్రదేశ్ ఖజానాలో తేలదు. సరే, నేల మీది బావుల సంగతైనా చూద్దాం. తాటిపాక, మోరి, అడవిపాలెం చుట్టూ దశాబ్దాలుగా ఓఎన్‌జీసీ బావులు నడుస్తున్నాయి. 2015లో గనుల చట్టం సవరించి, గనులున్న జిల్లాకు వాటా దక్కేలా జిల్లా ఖనిజ నిధి పెట్టారు. బొగ్గు, ఇనుము, బాక్సైట్ తవ్వే జిల్లాలకు అది వస్తోంది. చమురు, గ్యాస్ ఆ చట్టం కిందికి రావు, వాటికి 1948 నాటి వేరే చట్టం ఉంది. కాబట్టి గ్యాస్ మీద కోనసీమకు ఆ నిధి లేదు.

ప్రమాదం మాత్రం ఇక్కడిదే. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం అనే ఊళ్ళో గ్యాస్ గొట్టం పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. గ్యాస్ ధర 4.2 డాలర్లు ఉండాలా, 8 ఉండాలా అని ఢిల్లీలో వాదించుకున్న కాగితాల్లో ఈ ఖర్చుకు గడి లేదు.

1977లో జాన్ హార్ట్‌విక్ అనే కెనడా ఆర్థికవేత్త హోటెలింగ్‌ లెక్కకు ఇంకో ముక్క జోడించాడు. తరిగిపోయే వనరు మీద, తవ్వకం ఖర్చు పోగా మిగిలినదంతా తినేయకుండా వేరే ఆస్తిలోకి మారిస్తే వనరు అయిపోయినా జనం వాడకం తగ్గనక్కర్లేదన్నాడు. నార్వే దీన్ని అక్షరాలా పాటించింది. 1990లో చట్టం చేసి 1996 నుంచి చమురు డబ్బు ఒక నిధిలో వేసింది, ఇప్పుడు ఏటా ఆ నిధిలో 3 శాతం దరిదాపుల్లోనే ఖర్చు పెడుతుంది. చిన్న దేశం, కుదిరిందిలే అనిపించవచ్చు. గోదావరి జిల్లాలకు దీనికన్నా దగ్గరి ఉదాహరణ ధవళేశ్వరమే. అప్పట్లో పెట్టిన డబ్బు 170 ఏళ్ళుగా ఏటా పది లక్షల ఎకరాలకు నీరిస్తోంది. గ్యాస్ తీసిన ఇన్నేళ్ళలో అలాంటిది ఒక్కటి వెతికి చూపించమంటే కష్టం. యూరియా అయింది, కరెంటయింది, ఏ ఏటికాయేడు వాడుకున్నాం. మురుగు కాలువలు మాత్రం పూడికతోనే ఉన్నాయి. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టని ధరలతో పాటు వాళ్ళు చెప్పిన కారణాల్లో అదీ ఒకటి.

ఇంతా చెప్పాక గ్యాస్‌ను తీయకుండా ఉంచాల్సిందా అంటే, అలా అనడానికీ లేదు. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ గ్యాస్ క్షేత్రాన్ని భూకంపాల భయంతో 2024లో శాశ్వతంగా మూసేశారు, లోపల ఇంకా బోలెడు గ్యాస్ ఉండగానే. సౌర విద్యుత్తు ఇంత చవకవుతున్నప్పుడు రేపటికని దాచిన గ్యాస్‌ను రేపు అడిగేవాడు ఉంటాడన్న నమ్మకం లేదు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలనే పక్షమే ఇక్కడ బలమైనది. తీయడం తప్పు కాదు, తీసినదాన్ని జీతాల్లో కలిపేయడం తప్పు.

దేశంలో దీనికి ఒక నమూనా ఇప్పటికే ఉంది. గోవా ఇనుప ఖనిజం కేసులో సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్‌లో అమ్మకం విలువలో 10 శాతం తీసి రాబోయే తరాల కోసం శాశ్వత నిధిలో వేయమంది. నేల మీది గ్యాస్ రాయల్టీలో కొంత ఇలాగే పక్కన పెట్టి, డెల్టా మురుగు కాలువలకూ తీరం గట్లకూ కట్టుబడేలా నిధి చేయడానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. అది రాష్ట్రం చేతిలో ఉన్న డబ్బే, శాసనసభలో ఒక చట్టం చాలు. రొయ్యల చెరువుల అనుమతి రుసుములోంచి, చెరువు మానేశాక నేల బాగు చేయించే డిపాజిట్ తీసుకోవడమూ అంతే తేలిక. ఇసుక దగ్గరికి వచ్చేసరికే ఈ దారి మూసుకుపోతుంది. ఉచితంగా ఇచ్చిన ఇసుకలో పది శాతం ఎంత లెక్క వేసినా సున్నాయే.